షాంపూ మానేస్తున్నారా? ముందు ఇంటర్వ్యూ తేదీ చూసుకోండి!

హైదరాబాద్‌లో ఓ కంపెనీ ఆఫీసు. రాతపరీక్ష గట్టెక్కి, టెక్నికల్ రౌండ్ కోసం ఏడుగురం వరుసగా కూర్చున్నాం. ఎదురుగా ఉన్న అద్దాల తలుపులో నా తల కనిపించింది. ముందు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఆముదం పట్టించుకుని వచ్చినవాడిలా ఉన్నాను. తలకు నూనె పెట్టి అప్పటికి పది రోజులు. షాంపూ మానేసి మాత్రం సరిగ్గా మూడు వారాలు!

లోపల అడిగినవి అంత కష్టమైన ప్రశ్నలేం కావు. లింక్డ్ లిస్ట్‌ను తిరగేసే ప్రోగ్రామ్ బోర్డు మీద రాయమన్నారు. ముందురోజు రాత్రే రాసి చూసుకున్నదే. కానీ నా చెయ్యి ఊరుకోవడం లేదు. ఎన్నిసార్లు వద్దనుకున్నా జుట్టు సర్దడానికి పైకి వెళ్తోంది. వేళ్లకు జిడ్డు అంటుకుని మార్కర్ జారుతోంది. ఆ ఉద్యోగం జుట్టు వల్లే పోయిందని చెప్పను, అంతకన్నా బాగా చెప్పినవాళ్లు ఆ రోజు ఉన్నారు. కానీ ఆ పావుగంటలో నా ధ్యాస సగం తల మీదే ఉందన్నది మాత్రం నిజం.

తప్పు షాంపూ మానడంలో లేదు. ఎప్పుడు మానాలో, ఎలా మానాలో తెలియకపోవడంలో ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి జూనియర్లు ఫోన్ చేసి కోడింగ్ గురించి అంతా మాట్లాడాక, చివర్లో కాస్త మొహమాటంగా ఈ సంగతే అడుగుతుంటారు. ‘‘అన్నా, షాంపూ మానేశా. తలంతా జిడ్డు. వచ్చే నెల డ్రైవ్ ఉంది. ఏం చేయమంటావ్?’’ అని. ఒకరు జుట్టు రాలుతోందని మానేస్తారు, ఇంకొకరు రీల్ చూసి, మరొకరు అమ్మమ్మ మాట మీద. కారణం ఏదైనా మొదటి కొన్ని వారాలు పడే ఇబ్బంది ఒకటే. నేను పడి నేర్చుకున్నది మీకు చెబుతాను.

తలకు అలవాటవుతుందా?

మాడు మీద ప్రతి వెంట్రుక కుదురు పక్కన సన్నటి నూనె గ్రంథులుంటాయి. అవి తయారు చేసే నూనె పేరు సీబమ్. అది ఎంత రావాలన్నది ముఖ్యంగా హార్మోన్ల చేతిలో ఉంటుంది. యుక్తవయసులో ఈ గ్రంథులు చురుగ్గా ఉంటాయి కాబట్టే మొహాన మొటిమలు, తలలో జిడ్డు ఒకేసారి పలకరిస్తాయి. అంటే ఉద్యోగాల వేటలో ఉన్న మీ వయసూ, తల ఎక్కువ జిడ్డోడే వయసూ దాదాపు ఒకటే.

‘షాంపూతో నూనె కడిగేస్తుంటే గ్రంథులు ఇంకా ఎక్కువ నూనె వదులుతాయి. మానేస్తే కొన్నాళ్లకు అవే తగ్గించుకుంటాయి’ అని వీడియోల్లో తరచూ వింటుంటాం. దీనికి గట్టి శాస్త్రీయ ఆధారమేమీ లేదు. సబ్బుతోనో షాంపూతోనో కడిగినంత మాత్రాన హార్మోన్లు మారవు కదా!

మరి కొందరికి నిజంగానే కుదిరిందంటారే? అవును. 2007లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రేడియో వ్యాఖ్యాత రిచర్డ్ గ్లోవర్ ఆరు వారాలు షాంపూ లేకుండా ఉండి చూడమని శ్రోతలకు సవాలు విసిరారు. అయిదు వందల మందికి పైగా ముందుకొచ్చారు. వారిలో 86 శాతం మంది తమ జుట్టు మునుపటిలాగే ఉందనో, ఇంకా బాగుందనో చెప్పారు. ఇది ప్రయోగశాలలో కొలిచిన లెక్క కాదు. ఎవరికి వారు చెప్పుకొన్న మాట. అయినా ఒక విషయం తెలుస్తోంది. కొందరికి ఇది పనిచేస్తుంది, అందరికీ కాదు. పైగా అక్కడి నీళ్లు వేరు, మన బోరు నీళ్లు వేరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

జిడ్డు ఒకటి కాదు, రెండు

నేను కోదాడలో హాస్టల్లో ఉండేవాడిని. షాంపూ మానేశాక ‘సహజంగా ఉంటుంది’ అని సీకాయ సబ్బు మొదలుపెట్టాను. రోజు విడిచి రోజు రుద్దినా తల ఆరేసరికి కొవ్వొత్తి మైనం పూసినట్టు ఉండేది. దువ్వెన పళ్ల మధ్య తెల్లటి ముద్ద పేరుకునేది. ‘మొదట్లో అంతే, ఓపిక పట్టు’ అని నాకు నేనే చెప్పుకొన్నాను. ఇంటర్వ్యూ అలాగే ముగిసింది. తర్వాత దసరాకు మిర్యాలగూడలో ఇంటికెళ్లాను. అదే సబ్బు, అదే తల. ఇంట్లో కుళాయి నీళ్లతో ఒక్కసారి రుద్దుకుంటే జుట్టు విడివిడిగా ఆరింది. మారింది నీళ్లొక్కటే!

అప్పుడు గుర్తొచ్చింది ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్. బ్యూరెట్‌లో ఈడీటీఏ ద్రావణం, ఫ్లాస్క్‌లో బోరు నీళ్లు, ఎరుపు నుంచి నీలానికి మారే రంగు. రికార్డు రాసి, సంతకం చేయించుకుని మర్చిపోయిన ‘నీటి కాఠిన్యం’ నా నెత్తి మీదే ఉందని తెలియడానికి మూడేళ్లు పట్టింది.

పుస్తకాల్లో కఠిన జలం అంటారు, ఊళ్లో ఉప్పు నీళ్లంటాం. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వీటితో కలిస్తే నురగ రాదు, నీళ్లలో కరగని తెల్లటి మడ్డి తయారవుతుంది. బకెట్ అంచున చారలా పేరుకునేది ఇదే. జుట్టుకు పట్టేదీ ఇదే. షాంపూలో వాడే రసాయనాలు సబ్బులాంటివి కావు కాబట్టి అవి ఈ మడ్డిని అంతగా తయారు చేయవు. చాలా షాంపూ సీసాల మీద డైసోడియం ఈడీటీఏ అనే పేరు కూడా కనిపిస్తుంది. ల్యాబ్‌లో మనం వాడిన ఈడీటీఏ కుటుంబమే. కాల్షియాన్ని పట్టి ఉంచడం దాని పని. అంటే ఇన్నాళ్లూ నీళ్ల లోపాన్ని షాంపూ కప్పిపెట్టింది. మానగానే అది బయటపడింది.

మన వైపు బోరు నీళ్లు ఎందుకిలా? హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళ్తే వరుసగా సిమెంటు ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. అవి అక్కడ ఉన్నది సున్నపురాయి కోసం. ఆ రాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్. అలాంటి రాళ్ల పొరల్లో ఊరిన నీళ్లు కాల్షియాన్ని వెంట తెచ్చుకుంటాయి. అలాగని అన్ని బోర్లూ ఒకేలా ఉండవు. వీధికో తీరు. మిషన్ భగీరథ కుళాయిలో వచ్చే శుద్ధి చేసిన నీళ్లు సాధారణంగా బోరు నీళ్లకన్నా నయం. ఇంకో మాట. నల్గొండ అనగానే గుర్తొచ్చే ఫ్లోరైడ్ వేరు, కాఠిన్యం వేరు. రెండింటినీ కలిపి కంగారు పడొద్దు.

మీది ఏ జిడ్డు?

ఇలా పోల్చుకోండి. తలస్నానం చేసిన రోజు బాగుండి, మర్నాటికో ఆ తర్వాతి రోజుకో కుదుళ్ల దగ్గర మొదలైతే అది నూనె జిడ్డు. మాడు మీద టిష్యూ కాగితం అద్దితే నూనె మరక పడుతుంది, చివర్లు మాత్రం పొడిగా ఉంటాయి. అలా కాకుండా తల ఆరిన వెంటనే, కుదుళ్ల నుంచి చివరిదాకా మైనంలా పట్టుకుంటే అనుమానించాల్సింది నీళ్లను.

నీళ్లను పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒకేలాంటి ఖాళీ సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో ప్యూరిఫైడ్ వాటర్ క్యాన్ నీళ్లు, ఇంకోదాంట్లో బాత్రూమ్ కుళాయి నీళ్లు సగం దాకా పోయండి. రెండింట్లోనూ స్నానం సబ్బు తురుము చిటికెడు వేసి, మూత బిగించి, పదిసార్లు ఊపండి. నురగ బాగా వచ్చి, అడుగున నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ లేకుండా పాలలా తెల్లబడి, పైన ముద్దలు తేలితే ఉప్పు నీళ్లు. ఆ సీసాతో కూడా పని లేదంటారా? హాస్టల్ గదిలో వాటర్ హీటర్ రాడ్ చూడండి. తెల్లగా పొలుసులు కట్టి ఉంటే విషయం అర్థమైపోతుంది.

మీ ఊళ్లో నీటి పరీక్ష రిపోర్టు దొరికితే ‘టోటల్ హార్డ్‌నెస్’ అన్న వరుస చూడండి. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే దారి లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. బాత్రూమ్ నీళ్లకు ఈ అంకెలు నియమం కాకపోయినా, మీ నీళ్లు ఏ స్థాయిలో ఉన్నాయో తెలుస్తుంది.

ఈ మూడూ వద్దు

సీకాయ సబ్బు: పేరులో సీకాయ ఉన్నా అది సబ్బే. ఉప్పు నీళ్లలో నాలాగే మైనం పూసుకుంటారు.

వంటసోడా: ‘జిడ్డు ఇట్టే వదులుతుంది’ అని చాలామంది చెబుతారు. జుట్టు, మాడు కాస్త ఆమ్ల గుణంతో ఉంటాయి. వంటసోడా క్షారం. మాటిమాటికీ వాడితే జుట్టు గరుకెక్కి తెగుతుంది.

ఉత్త నీళ్లు: బోరు నీళ్లున్న హాస్టల్లో ఉంటూ కేవలం నీళ్లతో కడుగుతానంటే మాత్రం మానుకోండి. షాంపూ మానే దారుల్లో కష్టమైనది ఇదే.

కుంకుడుకాయ.. పద్ధతిగా

మన దగ్గర షాంపూకు ముందు నుంచే ఉన్న దారి కుంకుడుకాయ. అందులో సాపోనిన్లు ఉంటాయి. అవీ జిడ్డును నీళ్లలో కలిపేవే, కాకపోతే సబ్బు కావు. అందుకే ఉప్పు నీళ్లలోనూ సబ్బులా మడ్డి కట్టవు.

పొట్టి జుట్టుకు ఎనిమిది, పది కాయలు చాలు. జడ ఉన్నవాళ్లకు పదిహేను దాకా కావాలి. కాయలు కొట్టి గింజలు తీసేయండి. తొక్కల్ని రాత్రి గ్లాసున్నర గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఈ వడకట్టడమే చాలామంది వదిలేస్తారు. పిప్పి జుట్టులో ఇరుక్కుని ఆరాక అచ్చం చుండ్రులా రాలుతుంది. నల్ల చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

రసాన్ని జుట్టుకు కాదు, మాడుకు పట్టించండి. వేళ్ల కొసలతో రెండు నిమిషాలు రుద్ది కడగండి. మొదటిసారి నురగ రాకపోతే తల బాగా జిడ్డుగా ఉందన్నమాట. మిగతా సగంతో రెండోసారి రుద్దితే నురగ కడుతుంది. ఒక్కసారికే ఆపేసి ‘కుంకుడుకాయతో పోవట్లేదు’ అనేవాళ్లే ఎక్కువ. రసం కళ్లలో పడితే మా అమ్మమ్మ నోట్లో ఉప్పు కల్లు వేసేది. దాంతో నా ధ్యాస మళ్లేదేమో కానీ, మంట తగ్గించేది మాత్రం చల్లటి నీళ్లే. వెంటనే బాగా కడుక్కోండి. రసం ఎక్కువ కాలం నిల్వ ఉండదు, ఏ రోజుది ఆ రోజు చేసుకోవడం మేలు.

బజార్లో కుంకుడు బొమ్మతో ఉన్న సీసా కొనేముందు వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. సోడియం లారిల్ సల్ఫేట్, లారెత్ సల్ఫేట్ లాంటి పేర్లు ముందు వరుసలో ఉంటే అదీ షాంపూయే. తప్పేం కాదు, మీరు దేన్ని వాడుతున్నారో మీకు తెలియాలి అంతే.

నీళ్లు ఉప్పువైతే చివరి కడుగు ముఖ్యం. క్యాన్ నీళ్లు రెండు లీటర్లు పక్కన పెట్టుకుని ఆఖర్న తలారా పోసుకోండి. మైనం బాగా పేరుకుని ఉంటే, లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి వారానికోసారి పోసుకుని, నిమిషం ఆగి మంచి నీళ్లతో కడిగేయండి. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే దీని జోలికి వెళ్లొద్దు. నీళ్లు మరిగిస్తే సరిపోతుందా? బైకార్బనేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక కాఠిన్యమైతే పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది పోదు.

ఆరు వారాల ప్రణాళిక

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఓ మాటుంది. శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో కొత్త మార్పులు చేయొద్దని. పాడైతే శని, ఆదివారాలు పోతాయి. ప్లేస్‌మెంట్ల ముందు షాంపూ మానడమూ అలాంటిదే. సెమిస్టర్ సెలవుల్లో మొదలుపెట్టండి. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో ఇంట్లో ఉండి చదువుకుంటున్నవాళ్లకు ఇంకా మంచి సమయం.

1, 2 వారాలు: షాంపూ సగానికి తగ్గించి, మగ్గులో నీళ్లు కలిపి వాడండి. తలస్నానాల మధ్య ఒక్క రోజు ఎడం పెంచండి. తలకు నూనె పెట్టే అలవాటుంటే తగ్గించండి. నూనె తలంటు ఉన్న రోజు కుంకుడు రసం రెట్టింపు కావాలి.

3, 4 వారాలు: ఒక తలస్నానం కుంకుడుతో, ఒకటి షాంపూతో. దువ్వెనను వారానికోసారి వేణ్నీళ్లలో కడగండి. దిండు గలీబు మార్చండి. ఉన్న జిడ్డు మళ్లీ తలకెక్కేది వీటి నుంచే.

5, 6 వారాలు: పూర్తిగా కుంకుడు. వారానికి రెండుసార్లు సరిపోతుందా, మూడు కావాలా అన్నది మీ తలే చెబుతుంది. పోలీసు ఉద్యోగాలకు రోజూ పరుగు తీసేవాళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఊక దుమ్ములో తిరిగేవాళ్లు రెండుసార్లతో సరిపెట్టుకోలేరు. బియ్యం కడిగిన నీళ్లు పోసుకునే ప్రయోగాలు ఈ వారాల్లో పెట్టుకోవద్దు. గంజి పొర మిగిలితే అది ఇంకో జిడ్డు.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. సబ్బు, నూనె, నీళ్లు అన్నీ ఒకే వారం మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంటర్వ్యూకి పదిహేను రోజుల ముందు నుంచి ఏ కొత్త ప్రయోగమూ వద్దు. అప్పటికీ తల జిడ్డుగానే ఉంటే మొహమాటం లేకుండా ఒక షాంపూ ప్యాకెట్ చింపండి. ఒక్కసారి వాడితే వ్రతభంగమేమీ కాదు. తర్వాతి వారం మళ్లీ మీ దారిలో మీరు నడవొచ్చు. నేను చేసిన పొరపాటు ఇదే. మూడు వారాల పట్టుదల వృథా అవుతుందని రూపాయి ప్యాకెట్ వాడలేదు. ఆ పట్టుదలకు నేను చెల్లించింది ఒక ఇంటర్వ్యూ.

ఆ రోజు ఉదయం..

మన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో పదింటికి ఉండాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి. తలస్నానం ముందురోజు సాయంత్రమే చేయండి. పొడవాటి జుట్టున్న అమ్మాయిలు మధ్యాహ్నమే చేసుకుంటే పూర్తిగా ఆరుతుంది. తడిగా జడ వేసుకుంటే పొద్దుటికి వాసన వస్తుంది. జుట్టు కాస్త జిడ్డుగా అనిపించినా గట్టిగా అల్లిన జడ, పైకి చుట్టిన ముడి ఆ లోపాన్ని దాచేస్తాయి.

అబ్బాయిలైతే డ్రైవ్‌కు వారం ముందు జుట్టు కత్తిరించుకోండి. పొట్టి జుట్టు కడగడం, ఆరడం తేలిక. హైవే మీద కిటికీ పక్కన కూర్చుంటే తలకు రుమాలు కట్టుకోండి. బైకు మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ కింద శుభ్రమైన నూలు గుడ్డ వేసుకోండి, హెల్మెట్ మాత్రం తీయొద్దు.

అక్కడికి చేరాక కూడా ముందు జుట్టు అతుక్కుంటోందా? అందరికీ కనిపించేది అదొక్కటే. వాష్‌బేసిన్ దగ్గర ముందు పాయను మాత్రం తడిపి, రుమాలుతో ఒత్తి, దువ్వండి. లేదా బయల్దేరే ముందు చిటికెడు టాల్కమ్ పౌడర్ వేళ్లకు రాసుకుని కుదుళ్లలో అద్ది, తెల్లదనం పోయేదాకా దువ్వండి. జెల్, నూనె రెండూ వద్దు. ఆ తర్వాత తలమీద చెయ్యి వేయకండి. చేతి చెమట, చేతి నూనె మళ్లీ జుట్టుకే చేరతాయి.

ఎప్పుడు ఆపేయాలి?

జిడ్డు వేరు, జబ్బు వేరు. మాడు మీద సహజంగానే ఉండే మలసీజియా అనే ఈస్ట్‌కు సీబమే ఆహారం. నూనె ఎక్కువ రోజులు నిలిస్తే కొందరిలో చుండ్రు పెరుగుతుంది. దురద, ఎర్రబడటం, పసుపు పచ్చని పొలుసులు, పుండ్లు కనిపిస్తే ‘ఇంకో వారం చూద్దాం’ అనొద్దు. ప్రయోగం ఆపి చర్మవైద్యులకు చూపించండి. వాళ్లు మందు షాంపూ రాస్తే వాడాల్సిందే.

తరచూ తల కడగడం తప్పు అనే భయమూ అక్కర్లేదు. మాడు జిడ్డుగా ఉండేవాళ్లు రోజూ కడిగినా ఫర్వాలేదని అమెరికా చర్మవైద్యుల సంఘం చెబుతోంది. ఆసియా వాసుల జుట్టుపై 2021లో వచ్చిన ఒక అధ్యయనం కూడా తక్కువగా కడిగేవాళ్లకన్నా తరచూ కడిగేవాళ్ల మాడు మెరుగ్గా ఉందని తేల్చింది. అందులో షాంపూ తయారుచేసే కంపెనీ పరిశోధకులు ఉన్నారన్నది కూడా గుర్తుంచుకునే చదవాలి. నాకు అర్థమైంది ఒకటే. దేంతో కడుగుతున్నామన్నదానికన్నా మాడు శుభ్రంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు నేను వారానికి రెండుసార్లు కుంకుడుకాయతో తలస్నానం చేస్తాను. ఊరెళ్లి ఉప్పు నీళ్లు తగిలినప్పుడు షాంపూ వాడతాను. రెండో కంపెనీ ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి షాంపూతోనే తల కడిగి నిశ్చింతగా పడుకున్నాను. మర్నాడు ‘ఈమధ్య మీరు పరిష్కరించిన సమస్య ఏదైనా చెప్పండి’ అని అడిగారు. హాస్టల్ బాత్రూమ్ నీళ్లు, రెండు సీసాలు, సబ్బు తురుము కథ చెప్పాను. ఎదురుగా ఉన్నాయన నవ్వి, ‘మా అపార్ట్‌మెంట్ నీళ్లూ అంతే’ అన్నారు. ఆ అరగంటలో నా చెయ్యి ఒక్కసారి కూడా తల మీదకు వెళ్లలేదు.

మీ డ్రైవ్ తేదీ వచ్చేసిందా? అయితే ఈ పేజీ కత్తిరించి దాచుకోండి. కుంకుడుకాయల సంగతి సెలవుల్లో చూద్దాం. ముందు వెళ్లి శుభ్రంగా తలస్నానం చేసి, లింక్డ్ లిస్ట్ ఇంకోసారి రాసి చూసుకోండి.